పదిహేడు సెకన్ల గుర్రం

చీటీ మూడో నెలల్నే పాడుకున్న,
నలభై వేలు నష్టానికి.
ఏంటికమ్మా ఇంత తొందర, పెండ్లా, ప్లాటా
అని చీటీల రాజ్యమ్మ అడిగితే
గుర్రమని చెప్పలే.
ఫ్రిజ్ అని చెప్పిన.

మలక్‌పేట రేసుకోర్సు వెనక గేటు,
పొద్దున ఆరున్నర.
తడిసిన గడ్డి, ఉడికిన ఉలవలు, ఉచ్చ, ఇరానీ చాయ,
అన్నీ కలిసి ఒకటే ఆవిరి.
"ఎసొంటిది గావాలె?" అన్నడు సయీసు జబ్బార్.
ఉరికేది కాదు, తిరిగేది కావాలన్న.
నవ్వలే ఆయన.
నోట్లకెళ్ళి గడ్డిపరక తీసి
"ఎన్ని డ్రమ్ములు?" అన్నడు.

మూడు.
మొదటిది కుడికి చుట్టాలె, తక్కిన రెండు ఎడమకు.
ఒకటి పడితే ఐదు సెకన్లు మీద పడ్తయి.
ఆఖరుకు గీతదాక ఒక్కటే ఉరుకు.
నాకిది కొత్త కాదు.
బోరబండల మా గల్లీకి దినం తప్పి దినం నీళ్ళు,
వాకిట్ల మూడు నీలం డ్రమ్ములు,
పైపు పట్టుకొని వాటి సందుల ఉరికి ఉరికి
మోకాలు ఎక్కడ తగుల్తదో
నా ఒంటికి తెలుసు.

మొదలు గోధుమవన్నె మగగుర్రాన్ని చూపిచ్చిండు.
నాలుగు కప్పులు గెలిచిందట. అద్దం లెక్క ఒళ్ళు.
గాలికి డ్రమ్ము మోగంగనే
పదడుగులు ఎనకకు పోయింది.

ఆఖరి కొట్టంల ఆడగుర్రం.
తెల్లటి ఒంటి మీద నల్లటి చుక్కలు,
నువ్వులు అంటినట్టు.
కాగితం మీద మూడు మాటల ఇంగ్లీషు పేరున్నది,
జబ్బార్ పిలిచేది మాత్రం రేవ్డీ.
రెండేండ్లు రేసుల ఉరికింది, ఒక్కసారీ గెలువలే.
ఇంకో రెండేండ్లు బరాత్‌లల్ల:
జరీ జీను, బ్యాండు, ఎనభై కిలోల పెండ్లికొడుకు,
చెవుల పక్కన పటాకులు.

డాక్టర్ హైమావతి ముందుకాలు మడిచి పట్టుకున్నది,
నిమిషం లెక్కవెట్టి విడిచింది.
గట్టినేల మీద నడిపిస్తుంటే
మేం ముగ్గురం తలలు వంచి
గిట్టల సప్పుడు ఇన్నం.
ఏ గిట్టన్న దొంగతనంగ పడ్తున్నదా అని.
"ఎడమ కాలికి పాత బెణుకు," అన్నది డాక్టరమ్మ.
"నేనైతే కొనను."

అప్పుడు ఎక్కిన.
డ్రమ్ము దగ్గర పగ్గం గుంజలే,
ఉత్తగ చూపు తిప్పిన.
ఒక ఇల్లు నా కింద కూసొని లేసినట్టయింది,
డ్రమ్ము ఎనకవడ్డది.
ఆటోకు కారుకు నడుమ,
ఆడుతున్న పిల్లల కాళ్ళు తొక్కకుండ
పాతబస్తీ గల్లీలల్ల తిరిగి తిరిగి
ఈ తిరుగుడు అదే నేర్చుకున్నది.
కుడికి మంచిగ.
ఎడమకు, బెణుకు దిక్కుకే, ఇంకింత మంచిగ.

బేరానికి మేనేజర్ పెస్తన్‌జీ వచ్చిండు.
రెండు లక్షలన్నడు.
నేను బెణుకు బయట పెట్టిన.
జబ్బార్ తువ్వాల మా చేతుల మీద కప్పిండు,
కింద వేళ్ళు మాట్లాడుకున్నయి.
ఆయనయి ఉంగరాల వేళ్ళు, చల్లగ.
నాయి పెండ్లి జాకెట్ల మగ్గం పనికి
మొద్దువారిన వేళ్ళు, తొందరగ వంగయి.
లక్షా పదిహేనుకాడ ఆగినయి.

డీసీఎంల ఎక్కిచ్చినంక
తలుపు గొళ్ళెం పట్టుకొని జబ్బార్ అన్నడు:
"ఒక్క మాట దాచిన బేటీ.
బ్యాండు ఇనవడితే ఇది ఆగుతది.
పాట అయ్యేదాక ఎవలేం చేసినా ముందుకు పోదు."
పైసలు వాపసు ఇస్తడేమో అన్నట్టు చూసిండు,
నేను అడుగుతనేమో అని భయపడ్డట్టు గూడ.

మొయినాబాద్ అవతల కౌలు జాగ.
బోరబండ నుంచి తెచ్చిన మూడు డ్రమ్ములు.
పదిహేడు సెకన్లు కావాలె, నిన్న పంతొమ్మిది వచ్చింది.
ఇయ్యాల మొదటిది అయ్యింది, రెండోది అయ్యింది,
మూడోదాని మీదికి వంగుతుంటే
ఫంక్షన్ హాల్ దిక్కుకెళ్ళి మార్ఫా మోత.

ఆగింది.
చెవులు ముందటికి.
ఒక కాలు, ఇంకో కాలు, ఉన్నకాడ్నే, ఇజ్జత్‌గ.
మెడల గడియారం ఉరుకుతనే ఉన్నది.
మడమ తాకియ్యలే, దిగలే.
ఎవరి పెండ్లో ఏమో.

జేబుల ఫోన్ మోగింది, రాజ్యమ్మ.
"ఫ్రిజ్ వచ్చిందా?"
వచ్చిందన్న.
"మరేం సప్పుడే అది?"